అమ్మవారు మగ్గంలో కూర్చునే వేళ

హిందూపురం,
14 జూన్ 2024

అక్కకు నీలావతి దండాలు.

ఫోన్ చేద్దామనుకున్నాను. పోయినసారి నీకు వినపడాలని నేను అరిచిన అరుపులకు, బెల్లం కొనడానికి మా అంగడికి వచ్చినవాళ్ళు లోపల ఏదో గొడవ అనుకుని తొంగి చూశారు. నువ్వు చెవి మిషను పెట్టుకోవు. నాకేమో గట్టిగా మాట్లాడటం చేతకాదు. జాబులో అయితే మెల్లగా మాట్లాడినా నీకు వినపడుతుంది.

హరిణి ఎలా ఉంది? ఆ కడుపు పోయినప్పుడు నేను వచ్చి చూసినప్పటికీ ఇప్పటికీ ఏమైనా తేరుకుందా? నీ కోడలని కాదు కానీ, ఇంటికి వచ్చిన రోజే ఆ పిల్ల నా చేతిలో సంచీ అందుకున్న తీరు నాకు బాగా నచ్చింది. లక్ష్మీకాంత్ జరీ కోసమో దేనికోసమో ఇటు వస్తే అంగడికి రమ్మను. నువ్వుల ఉండలు చేసి పెట్టాను, భార్యకు తీసుకుపోతాడు.

ఇంకొక సంగతి. నిన్న గురువారం కదా, మామూలుగానే పెనుకొండ ఆశ్రమానికి పోయి వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. కనగానపల్లి నుంచి ఉమాదేవి అని ఒకామె వచ్చింది. అశ్వత్థ స్వామి భోజనానికి కూర్చోగానే ఆమె అడిగింది. "స్వామీ, ధర్మవరంలో మద్యానం పూట అమ్మవారు వచ్చి మగ్గంలో కూచుంటాదంట, ఆ సేపు మనిషి లేసి చోటు ఇయ్యాలంట. మా చిన్నమ్మోళ్ళు తూచా తప్పకుండా చేస్తారు. అది ఏ పురాణంలో ఉండాది?" అని. స్వామి నవ్వి, "ముద్ద సల్లారిపోతాదమ్మా, తిననీ" అని రాగి ముద్ద వైపు తిరిగారు. తిన్నాక కూడా చెప్పలేదు.

అప్పటినుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. మనం పుట్టింది ధర్మవరంలోనే కదా. మన అమ్మ పొద్దుగూకేదాకా మగ్గం కింది గుంతలోనే కాళ్ళు పెట్టుకుని నేసేది. మధ్యాహ్నం లేచినట్టు నాకు గుర్తు లేదు. మరి ఇది ఎప్పుడు మొదలైంది? మీ వీధిలో మొదట ఎవరు చెప్పారు? ఎవరైనా తప్పారా? తప్పితే ఏమైంది? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

నీ చెల్లెలు
నీలావతి


ధర్మవరం,
20 జూన్ 2024

నీలావతికి అక్క సరస్వతమ్మ దీవెనలు.

ఊరికే అడుగుతున్నాను అని రాశావు. ఊరికే అడగలేదు నువ్వు. ఎవరు చెప్పారు నీకు? దాసమ్మే కదా? పక్కింట్లో ఉంటూ మా దగ్గరే ఉప్పు అప్పు తీసుకుని మన ఇంటి సంగతులు హిందూపురం దాకా మోస్తుంది. "తప్పితే ఏమైంది" అని నన్ను జాబులో దెప్పే బదులు, నిలబెట్టి అడిగి ఉంటే చెప్పేదాన్ని.

సరే, విను. హరిణి నియమం తప్పిన ఆ రోజు మబ్బు పట్టింది. మా పైకప్పులో గాజు పలక ఒకటి ఉంది కదా, దాంట్లోంచి ఎండ వచ్చి మగ్గం మీద పడగానే మేము లేస్తాం. లేచి, కూర్చునే పలక మీద దీపం పెట్టి, ఎండ జరిగేదాకా పక్కన నడుం వాలుస్తాం. ఇన్నేళ్ళుగా అదే మాకు గడియారం. మబ్బు కాబట్టి ఆ రోజు ఎండ పడలేదు. నాకు నిద్ర పట్టేసింది. పెళ్ళి చీర, అంచు కొంచెమే మిగిలింది. షావుకారు వెంకటరాముడు పొద్దున్నే మనిషిని పంపి తొందర పెట్టాడు. ఆ పిల్ల వంచిన తల ఎత్తకుండా నేసింది. నేను లేచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. దీపం లేదు, ఏమీ లేదు. ఆ వారంలోనే కడుపు పోయింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ, పిండం సరిగా ఎదగలేదు, ఇందులో ఎవరి తప్పూ లేదు అని చెప్పింది. హరిణి ఏమంటుందో తెలుసా? "డాక్టరమ్మకు మగ్గం సంగతి ఏం తెలుసత్తా? నేను అమ్మవారి ఒళ్ళో కూచున్నా. తోసేసింది" అంటుంది. అప్పటినుంచి మగ్గం ఎక్కలేదు. పూజ గది గడప దాటి లోపలికి రాదు. వాకిట్లో కూర్చుని తింటుంది, అదీ నేను తిడితే. మొగుడు పలకరిస్తే లేచి పోతుంది. డిగ్రీ చదివిన పిల్ల నీలావతీ. ఇలా ఎండిపోతుంటే చూడలేకపోతున్నాను.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నీకు తెలిసిపోయింది కాబట్టి ఒక పని చెయ్యి. స్వామి దగ్గరికి పోయి ప్రాయశ్చిత్తం అడుగు. ఏది చెప్పినా చేయిస్తాను.

ఎప్పుడు మొదలైంది అని అడిగావు. మా అత్త ఉన్నప్పుడు. స్వామి అప్పట్లో మా వీధుల్లో భిక్షకు తిరిగేవాడు. అమ్మవారు ఆయనతోనే చెప్పించింది.

సరస్వతమ్మ


హిందూపురం,
28 జూన్ 2024

అక్కా,

ముందు నీ కోపం తీసెయ్. దాసమ్మ నాకేమీ చెప్పలేదు. పాపం ఆమె నా మొహం చూసి ఏడాది అయింది. నేను నిజంగా ఊరికే అడిగాను. నీ జాబు చదివి ఆ పూట అన్నం తినలేకపోయాను.

నిన్న స్వామి దగ్గర కూర్చుని హరిణి సంగతి అంతా చెప్పాను. ఆయన వసారాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. చేట పక్కన పెట్టేశారు. తరువాత చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"ఆ మాట అమ్మవారిది కాదమ్మా. నాది. ఆ కాలంలో ఒకింటి ముందర నిలబడి భిక్షకు పిలిస్తే ఎవరూ పలకలేదు. తొంగి చూస్తే కడుపుతో ఉండే బిడ్డ మగ్గం మీద తల వాల్చి పడిపోయుండాది. నీళ్ళు చల్లి లేపితే, కండ్లు తెరిచి మొదట అడిగిన మాట ఏందో తెలుసా? 'పొద్దు ఎంత అయింది స్వామీ, చీర ఈ పొద్దే మగ్గం నుంచి దించాల' అని. మద్యానం కొంచేపు లేయండప్పా, ఆడోళ్ళను లేయనీయండప్పా అని వీధంతా చెప్పినా. ఒక్కరూ వినలేదు. షావుకార్లు నవ్వినారు. ఆడోళ్ళు కూడా నవ్వినారు. మళ్ళీ వారం వచ్చి, అమ్మవారు ఆ ఏళకు వచ్చి కూచుంటాది, చోటు ఇయ్యండి అని చెప్పినా. ఆ పొద్దే లేసినారు."

"తప్పు కాదా స్వామీ?" అని అడిగాను.

"నిన్నటి దాకా కాదనుకున్నా" అన్నారు. "ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటే, ఆ వీధుల్లో ఆడోళ్ళకు ఉండే ఆ కాస్త నడుం వాల్చే సేపు పోతాది. తీసుకోకపోతే ఈ బిడ్డ పోతాది." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని ప్రాయశ్చిత్తం చెప్పారు. హరిణి తన చేత్తో జరీ లేని తెల్ల గుడ్డ మూరెడు నేసి అమ్మవారికి కట్టాలి. కడితే తల్లి మన్నిస్తుంది.

"ఇది అమ్మవారి మాటా, మీ మాటా?" అన్నాను. "ఇదీ నాదే" అన్నారు.

అక్కా, నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఆ పడిపోయిన ఆమె ఎవరో, బతికే ఉందో లేదో అని ఆలోచించాను. బస్సులో వస్తుంటే ఇంకొక ఆలోచన మొదలైంది. స్వామి చెప్పారని నేను చేసేవి ఎన్ని! గురువారం ఒంటిపూట, తిన్న ఆకు నేనే తీయడం, తిట్టినవాళ్ళ పేరు మీద దీపం పెట్టడం. వీటిలో ఏది అమ్మవారిది, ఏది ఆయనది? "అడుగమ్మా, ఒక్కొక్కటే చెబుతా" అన్నారు నేను లేస్తుంటే. నేను అడగలేదు. ఎందుకంటే ఆ వరసలో చివర అమ్మ ఉంది. మా ఇంట్లో అమ్మ పోయిన రోజు నేను అంగడిలో ఉన్నాను, నువ్వు ఇటు వచ్చే రైల్లో ఉన్నావు. భిక్షకు వచ్చిన స్వామి ఒక్కరే అమ్మ పక్కన ఉన్నారు. "మీ ఇద్దరి పేర్లూ పలికి, నవ్వుతా కన్ను మూసింది" అన్నారు. ఆ మాట పట్టుకునే కదా మనం ఇద్దరం ఆ ఏడాది గడిపాం.

నిజం, ప్రాయశ్చిత్తం, రెండూ నీకు రాశాను. హరిణికి ఏది చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వు పక్కనే ఉన్నావు, నీకే తెలుస్తుంది.

నీలావతి


ధర్మవరం,
10 జూలై 2024

నీలావతికి దీవెనలు.

నీ జాబు చదివి మొదట నవ్వాను, తరువాత నీ మీద కోపం వచ్చింది. స్వామికి వయసు మీద పడింది. పోయినేడు ఇక్కడికి వచ్చినప్పుడు నా కొడుకు పేరు మూడుసార్లు అడిగాడు. అమ్మవారు అప్పుడు ఆ నోటితో చెప్పించింది. చెప్పిన నోరు ఇప్పుడు మరిచిపోయింది. కొళాయిని అడిగితే నీళ్ళు నావే అంటుంది. చెరువు సంగతి దానికేం తెలుసు? ఇన్నేళ్ళు గురువారం గురువారం పోయి నువ్వు నేర్చుకున్నది ఇదా? ఈ మాట ఇంకెవరి దగ్గరా ఎత్తకు. మీ ఆయన దగ్గర అసలే వద్దు. అంగడిలో బెల్లంతో పాటు తూచి అమ్మేస్తాడు.

హరిణికి ప్రాయశ్చిత్తం మాటే చెప్పాను. చెప్పగానే లేచి తల స్నానం చేసింది. తెల్ల నూలుతో పడుగు దారాలు పోయడానికి లక్ష్మీకాంత్ సాయం చేశాడు. చాలా రోజులకు ఇద్దరూ ఒక దారానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడ్డారు. గుడ్డ నేసి అమ్మవారికి కట్టింది. ఆ రోజు పూజ గదిలోకి వచ్చింది నీలావతీ! సద్ద రొట్టె, నంజుకోవడానికి ఊరిబిండి పెడితే రెండో రొట్టె అడిగి తిన్నది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరి మాట అయితే ఏమి?

నువ్వుల ఉండలు అందాయి. బెల్లం ఎక్కువైంది.

సరస్వతమ్మ


హిందూపురం,
19 జూలై 2024

అక్కా,

నీ జాబు కళ్ళకు అద్దుకున్నాను. హరిణి రొట్టె తిన్న సంగతి దేవుడికి చెప్పాను, మా ఆయనకు కూడా చెప్పాను. రొట్టె సంగతి ఒక్కటే, మిగతాది కాదు.

కొళాయి మాట నిన్న స్వామికి చెప్పకుండా ఉండలేకపోయాను. పగలబడి నవ్వారు. "మీ అక్క నాకంటే పెద్ద గురువు" అన్నారు. తరువాత పైగుడ్డతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు వల్లనో కాదో నాకు తెలియలేదు.

నువ్వు అన్నదే నిజమేమో అని నాకూ అనిపిస్తోంది. చిన్నప్పుడు మనం ముద్ద సగంలో వదిలేస్తే పెరట్లో చింతచెట్టు ముసలిది వచ్చి మన జడలు కోసుకుపోతుందని అమ్మ చెప్పేది. భయపడి తినేవాళ్ళం. ముసలిది లేదని ఎప్పుడు తెలిసిందో గుర్తు లేదు. తెలిసినప్పుడు అమ్మ మీద కోపం రాలేదు. అమ్మ చేసిన పనే స్వామి చేశారు అనుకుంటే సరిపోతుంది కదా? కానీ ఒకటి గుర్తొచ్చింది. ఆ ముసలిదాని వల్ల నేను పెళ్ళయ్యేదాకా చీకటి పడితే పెరట్లోకి పోలేదు. నువ్వు పోయేదానివి. ఒకే మాట, నీకు ముద్ద తినిపించింది, నాకు పెరడు లేకుండా చేసింది.

అందుకే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. హరిణి తిన్నదని రాశావు. నవ్విందని రాయలేదు. నవ్వుతోందా?

నీలావతి


ధర్మవరం,
26 జూలై 2024

నీలా,

నవ్వడం లేదు.

నువ్వు అడిగేదాకా నేను చూడలేదు. తింటోంది, నేస్తోంది, పిలిస్తే పలుకుతోంది. అది చాలనుకున్నాను. నీ జాబు వచ్చాక పక్కన కూర్చుని అడిగాను. "ఏమమ్మా, తల్లి మన్నించింది కదా, ఇంకా ఎందుకు అట్లుండావు?" అంటే ఏమన్నదో విను.

"మన్నించింది అంటే నేను చేసింది నిజమే అని కదత్తా. అంతకుముందు ఎప్పుడన్నా డాక్టరమ్మ చెప్పిందే నిజమేమో అనిపిస్తాండె. ఇప్పుడు అది కూడా లేదు. తప్పు లేనోళ్ళను ఎవరన్నా మన్నిస్తారా?"

దాసమ్మ కూతురికి ఇప్పుడు నెల తప్పింది. ఆ అమ్మాయి మా ఇంటికి వస్తే హరిణి లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. ఆమె మీద తన నీడ పడకూడదట. నేను అదేదో మంచికే అనుకుని ఊరుకున్నాను.

చివరికి నీ మాట చెప్పేశాను. "ఆ నియమం స్వామే పుట్టించినాడంటమ్మా, అమ్మవారు కాదంట, ఆయప్పే మీ పిన్నత్త నీలావతికి చెప్పినాడంట" అన్నాను. నేను నమ్మని మాటను నా నోటితోనే చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నన్ను ఊరడించాలని అబద్ధం చెబుతాండారు అత్తా. మీకు అబద్ధం చెప్పడం రాదు" అంది.

చూశావా? అబద్ధం చెబితే నమ్మింది. నిజం చెబితే అబద్ధం అంటోంది. ఆ నోరే వచ్చి చెప్పాలి. కొళాయిని పంపు.

అక్క


హిందూపురం,
2 ఆగస్టు 2024

అక్కకు దండాలు.

నీ జాబు చేత్తో పట్టుకునే నిన్న పెనుకొండ బస్సు ఎక్కాను. స్వామికి చదివి వినిపించాను. "తప్పు లేనోళ్ళను ఎవరన్నా మన్నిస్తారా" అన్న చోట ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు.

"ఒక చిక్కు విప్పుదామని ఇంకొక ముడి వేసినా. నేసేటోళ్ళ ఇండ్లల్లో అన్నం తిని కూడా అది తెలీలేదు నాకు" అన్నారు. వచ్చే వారం పొద్దున రైలుకు మీ ఊరికి వచ్చి, వీధి అందరి ముందూ చెబుతారట. హరిణి ఒక్కదానికే చెబితే చాలదా, వీధికంతా ఎందుకు అని నేనే అడ్డుపడ్డాను. ఆడవాళ్ళకు ఉన్న ఆ కాస్త సేపు కూడా పోతుందని నా బాధ. "ఒకరికి చాటుగా చెబితే అది కూడా ఊరడింపే అనుకుంటాది. అందరి ముందర నా పరువు పోతేనే నమ్ముతాది" అన్నారు. ఆ తరువాత నెమ్మదిగా, "రేపు ఎవరన్నా మద్యానం కూచోని కండ్లు తిరిగి పడితే అదీ నాదే" అన్నారు.

నేను రావాలనుకున్నాను. మా ఆయనకు జ్వరం, అంగడి నేనే చూసుకోవాలి. ఏం జరిగిందో వెంటనే రాయి. నాకు భయంగా ఉంది అక్కా. ఏం జరుగుతుందో చూడాలని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉండవచ్చా?

అమ్మ సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తకు.

నీలావతి


ధర్మవరం,
12 ఆగస్టు 2024

నీలావతికి అక్క దీవెనలు. జ్వరం తగ్గిందా మీ ఆయనకు?

స్వామి వచ్చాడు. మా అరుగు మీద కూర్చున్నాడు. ప్రసాదం అనుకుని వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చారు. నీకు చెప్పినట్టే చెప్పాడు, ఒక్క మాట తగ్గించలేదు. నాకు సగమే వినపడింది, కానీ మనుషుల మొహాలు చూస్తే మిగతాది తెలిసింది. గిన్నెలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

మొదట కదిలింది షావుకారు వెంకటరాముడు. ఆయన గొంతు నాకు కూడా వినపడుతుంది. "ఇంకేమి, స్వామే చెప్పె. రేపట్నుంచి మద్యానం కూడా కూచోండి. శ్రావణం వచ్చె, పెండ్లి చీరలు అన్నీ ఆగిపోయుండాయి" అన్నాడు.

దాసమ్మ గిన్నె కింద పెట్టింది. "ఏం షావుకారూ, అమ్మవారు స్వామిని అడిగి కూచుంటాదా ఏంది? ఆయప్పకు తెలీకపోవచ్చు. ఇన్నేండ్లు దీపం పెట్టినోళ్ళం మాకు తెలుసు. నీకు అంత నమ్మకముంటే ఇదో సరస్వతమ్మక్క మగ్గం. పొద్దు నెత్తికొచ్చె. పోయి కూచో, చూస్తాం" అంది.

ఆయన మగ్గం వైపు చూశాడు. మా వైపు చూశాడు. "నాకు బ్యాంకులో పనుంది" అని పోయాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు. స్వామి కూడా నవ్వాడు. దాసమ్మ నిజంగా నమ్మిందా, నమ్మినట్టు నటించిందా? అది నేను అడగలేదు. అడిగినా చెప్పదు.

తరువాత స్వామి లోపలికి వచ్చి హరిణి ముందు నేల మీద కూర్చున్నాడు. "నువ్వు కూచోడానికీ బిడ్డ పోవడానికీ సంబంధం లేదు తల్లీ. నేను చెప్పింది అబద్ధం. మన్నిస్తాదని చెప్పింది ఇంకో అబద్ధం. నన్ను తిట్టు" అన్నాడు. ఊరికే అంటున్నాడనుకున్నాను. ఆ పిల్ల తిట్టింది నీలావతీ! "మా మేలు కోరినోళ్ళు మమ్మల్ని అడగకూడదా స్వామీ? మేం అంత తెలివి లేనోళ్ళమా?" అని గట్టిగా అరిచింది. నాకు ప్రతి మాటా వినపడింది. స్వామి తల వంచుకుని అంతా విన్నాడు. తిట్టి తిట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళూ తప్పు చేశానని ఏడ్చింది. ఆ రోజు బిడ్డ కోసం ఏడ్చింది. లక్ష్మీకాంత్ కూడా గోడకు ఆనుకుని ఏడ్చాడు. వాడు ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మరుసటి రోజు ఎండ మగ్గం మీద పడింది. ఏం చేస్తుందా అని చూస్తున్నాను. లేచింది. "లేయి అత్తా, పొద్దు నెత్తికొచ్చె" అని నన్నూ లేపింది. దీపం వెలిగించింది, కానీ మగ్గం పలక మీద పెట్టలేదు. చాప పరిచి, మేం నడుం వాల్చే చోట తలాపున పెట్టింది. కడుపుతో ఉన్న దాసమ్మ కూతురిని తానే చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన పడుకోబెట్టింది. అబద్ధమని తెలిసి కూడా దీపం ఎందుకే అంటే, "లేసింది నిజమే కదత్తా" అని నవ్వింది. నవ్వింది అని ఈసారి నువ్వు అడగకముందే రాస్తున్నాను.

నేను మాత్రం ఆయన కొళాయే అంటాను. మారలేదు.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు ఎత్తవద్దన్నావు, నేను ఎత్తాను. స్వామి చెప్పులు వేసుకుంటుంటే అడిగేశాను. "మా అమ్మ మా పేర్లు పలికి నవ్వుతా పోయింది అంటివే, అది కూడా ఇట్లాంటిదేనా?" అని. స్వామి నా మొహం చూశాడు. ఏదో చెప్పాడు. మెల్లగా చెప్పాడు, నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి నోరు తెరిచాను. రాలేదు. ఆయన దండం పెట్టి పోయాడు.

హరిణి నా పక్కనే ఉంది. ఆమెకు వినపడింది. రాత్రి అన్నాల దగ్గర తానే అంది. "అత్తా, స్వామి చెప్పింది మీరు అడిగితే చెబుతా. పిన్నత్త అడిగితే ఆమెకూ చెబుతా. అడక్కపోతే చెప్పను. అబద్ధం మాత్రం చెప్పను."

నేను ఇంకా అడగలేదు. నువ్వు రా. మధ్యాహ్నం ఎండ పడే వేళకు రా, చాప మీద చోటుంది. అడుగుదామో వద్దో ఇద్దరం పడుకుని ఆలోచిద్దాం.

అక్క
సరస్వతమ్మ